మొదటి సెమిస్టరులోనే తడబడే విద్యార్థులను ముందుగా గుర్తించడం ఎలా?

ప్రశ్న: గణితం మాస్టారు, కోనసీమ

అందరికీ నమస్కారం. నేను కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో గణితం చెబుతున్నాను. మా దగ్గర చేరేవారిలో ఎక్కువమంది లంక గ్రామాల నుంచి, సముద్రతీరపు పల్లెల నుంచి వచ్చే పిల్లలు. డిగ్రీ గడప తొక్కినవారు తమ ఇంట్లో తామే మొదటివారని చెప్పేవాళ్లు ప్రతి బెంచీలోనూ ఉంటారు. ఇంటర్‌లో అతి కష్టం మీద 35 శాతం తెచ్చుకున్నవారు, సప్లిమెంటరీలో గట్టెక్కినవారు, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినవారు, మంచి మార్కులున్నా ఇంజినీరింగ్‌కు వెళ్లే స్తోమతు లేక ఇటు వచ్చినవారు, అందరూ ఒకే సెక్షన్‌లో కూర్చుంటారు.

ఈ ఏడాది మా ప్రిన్సిపాల్ గారు నాకు ఒక బాధ్యత అప్పగించారు. తరగతులు మొదలైన ఆరు వారాలలోపు, మొదటి సెమిస్టరులో తప్పే అవకాశం ఎక్కువగా ఉన్నవారెవరో గుర్తించి చెబితే, వారికి సాయంత్రం పూట అదనపు తరగతులు పెడదామన్నారు. ఆ తరగతులు చెప్పగలిగినవాళ్లం ఇద్దరమే ఉన్నాం కనుక అందరినీ కూర్చోబెట్టడం కుదరదు; ఎవరిని పిలవాలో ముందుగా తేల్చుకోక తప్పదు. స్లో లెర్నర్లు, అడ్వాన్స్‌డ్ లెర్నర్లు అని విడదీసి ఫైలు పెట్టడం మన కళాశాలలకు కొత్త కాదు, కళాశాలలను మదింపు చేసే న్యాక్ వారు అడిగే అంశాలలో అదీ ఒకటి. అయితే నేను ఫైలు కోసం అడగడం లేదు. జాబితాలో పేరున్న పిల్ల నిజంగా సెమిస్టరు గట్టెక్కాలి, పేరు లేని పిల్లవాడు మా కళ్లముందే చదువు మానేసి వెళ్లిపోకూడదు. ఈ రెండింటికీ పనికివచ్చే పద్ధతి ఏదైనా ఉందా అన్నదే నా ప్రశ్న.

ఒక జవాబు పత్రం నన్ను చాలా ఆలోచనలో పడేసింది. సున్నా నుంచి 1/2 వరకు ఎక్స్ స్క్వేర్‌ను సమాకలనం చేయమని తరగతిలో ఒక చిన్న లెక్క ఇచ్చాను. ఒకమ్మాయి ఎక్స్ క్యూబ్ బై 3 అని సరిగ్గానే రాసింది, హద్దులు సరిగ్గానే ప్రతిక్షేపించింది, 1/2 ఘనం 1/8 అని కూడా వేసింది. ఆ 1/8ను 3తో భాగించాల్సిన చోటికి వచ్చేసరికి 3/8 అని రాసి, కింద స్కేలుతో రెండు గీతలు గీసి, జవాబు చుట్టూ డబ్బా కట్టింది. రావలసింది 1/24. సమాకలనం ఇంటర్ రెండో సంవత్సరపు పాఠం, భిన్నాన్ని పూర్ణాంకంతో భాగించడం హైస్కూలు మొదట్లోనే అయిపోయే పాఠం. పెద్ద పాఠం వచ్చి చిన్న పాఠం రాని ఈ అమ్మాయికి ఇంటర్ గణితంలో మంచి మార్కులే ఉన్నాయి. ఆ మెమో చూసి జాబితా తయారుచేస్తే ఆమె పేరు అందులో ఉండదు.

అందువల్ల నా సందేహాలు ఇవి. ఇంటర్ మార్కులను నమ్మాలా, లేక మేమే ఒక స్క్రీనింగ్ పరీక్ష పెట్టుకోవాలా? మొదటి ఇంటర్నల్ వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుందా? తండ్రి ఏ పని చేస్తారు, తల్లి గల్ఫ్‌లో ఉన్నారా, బస్సుకు ఎంత దూరం నడవాలి వంటి ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకోవడం న్యాయమేనా? దీనిమీద గట్టి పరిశోధన ఏదైనా జరిగి ఉంటే తెలిసినవారు చెప్పండి. మన జిల్లాల్లో ఎవరైనా స్వయంగా చేసి చూసి ఉంటే అది ఇంకా ఉపయోగం.

జవాబు: విద్యా గణాంకాల పరిశోధకురాలు, కాకినాడ

మాస్టారికి నమస్కారం. మీరడిగిన విషయం మీద ఎక్కువ పని జరిగింది అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలల్లో. అక్కడ ప్రవేశానికి పెద్దగా అడ్డు ఉండదు. చేరినవారి చేత ఒక ప్లేస్‌మెంట్ పరీక్ష రాయించి, స్కోరు తక్కువ వచ్చినవారిని డిగ్రీ క్రెడిట్లు రాని రెమెడియల్ కోర్సులకు పంపడం చాలాకాలం సాగింది. 2012లో కొలంబియా విశ్వవిద్యాలయపు కమ్యూనిటీ కాలేజ్ రీసెర్చ్ సెంటర్ తరఫున జూడిత్ స్కాట్-క్లేటన్ ఆ పరీక్షల స్కోర్లను విద్యార్థులు తర్వాత తెచ్చుకున్న ఫలితాలతో పోల్చి చూశారు. గణితంలో దాదాపు నలుగురిలో ఒకరిని, ఇంగ్లిషులో ముగ్గురిలో ఒకరిని ఆ పరీక్షలు ఉండవలసిన చోట కాక వేరేచోట కూర్చోబెట్టాయని తేలింది. పైగా వాటిలో ఎక్కువ భాగం, నేరుగా డిగ్రీ స్థాయి కోర్సులో కూర్చుని బాగా పాసవగలిగినవారిని అనవసరంగా కింది కోర్సుకు పంపడమే. ఆ ఒక్క రోజు పరీక్షకంటే హైస్కూలు నాలుగేళ్ల సగటు గ్రేడు మెరుగైన సూచికగా కనిపించింది. రోజూ బడికి వెళ్లడం, ఇచ్చిన పని ఇచ్చిన గడువులోపు చేయడం, అర్థం కాకపోయినా వదిలిపెట్టకపోవడం అనే అలవాట్లు ఆ సగటులో కలిసి ఉంటాయి. పరీక్ష ఆనాడు గుర్తున్నదాన్ని మాత్రమే కొలుస్తుంది. 2017లో కాలిఫోర్నియా చేసిన చట్టం, కళాశాలలు విద్యార్థులను ఏ స్థాయిలో కూర్చోబెట్టాలో నిర్ణయించేటప్పుడు హైస్కూలు రికార్డును తప్పక చూడాలని చెప్పడానికి ఇలాంటి ఆధారాలే కారణం.

ఈ ఫలితాన్ని మన ఇంటర్ మార్కులకు ఉన్నదున్నట్టు అన్వయించడం మాత్రం సరికాదు. అక్కడి గ్రేడు ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి చూసి వేసినది. మన ఇంటర్ మార్కు పబ్లిక్ పరీక్షది, అంటే అదీ కొన్ని రోజుల్లో తేలిపోయేదే. ప్రాక్టికల్స్ మార్కులు అందరికీ ఇంచుమించు నిండుగా పడతాయి కనుక వాటి వల్ల తేడా తెలియదు. ఇంకో చిక్కు ఉంది. ఎక్కువ మార్కులు వచ్చినవారు ఇంజినీరింగ్‌కు, ఇతర వృత్తి కోర్సులకు వెళ్లిపోయాక మీ దగ్గరకు వచ్చేవారి మార్కులు చాలావరకు ఒక ఇరుకైన పరిధిలోనే ఉంటాయి. అందరూ ఇంచుమించు ఒకే ఎత్తున ఉన్నచోట ఎత్తును బట్టి మనుషులను విడదీయలేము. సూచిక మంచిదే అయినా ఆ ఇరుకులో దాని బలం తగ్గిపోతుంది.

ఒకే మార్కు రెండు చోట్ల ఒకే అర్థం ఇవ్వదన్నది కూడా మనకు తెలిసిందే. రోజుకు పన్నెండు గంటలు చదివించే రెసిడెన్షియల్ కళాశాలలో వచ్చిన 60 శాతానికీ, లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్న ప్రభుత్వ జూనియర్ కళాశాలలో సొంతంగా చదువుకుని తెచ్చుకున్న 60 శాతానికీ వెనుక ఉన్న సామర్థ్యం వేరు. మనకు పొరుగునే ఉన్న నూజివీడు ట్రిపుల్ ఐటీని నడిపే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో మొదలైంది; పదో తరగతి గ్రేడు ఆధారంగా సీట్లు ఇచ్చిన రోజుల్లో ప్రభుత్వ బడుల పిల్లల గ్రేడుకు 0.4 కలిపే పద్ధతి పాటించింది. అక్కడ అది ప్రవేశానికి వాడినా, దాని వెనుక ఉన్న ఆలోచన మీకూ పనికివస్తుంది. మార్కును అది వచ్చిన బడితో కలిపి చదవాలి.

ఇక మీరు ఆరు వారాల గడువు అన్నారు కనుక అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. 2010లో మార్కస్ క్రెడే, ఆయన సహ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి విశ్లేషించి, కళాశాల మార్కులను తరగతి హాజరు సూచించినంత బాగా ప్రవేశ పరీక్ష స్కోరు గానీ, హైస్కూలు గ్రేడు గానీ, చదువు అలవాట్లు గానీ సూచించలేదని చూపారు. పాత మార్కును మనం మార్చలేము, ఈ వారం హాజరును మార్చగలం. అందుకే మొదటి మూడు నాలుగు వారాల హాజరు, ఇచ్చిన చిన్న పనులలో ఎన్ని తిరిగి వచ్చాయన్న లెక్క, మీరు చెప్పిన భిన్నాల లెక్కలాంటి పావుగంట పరీక్ష, ఈ మూడింటినీ ఇంటర్ మార్కు పక్కన పెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు నిబంధన ఉంది కాబట్టి సెమిస్టరు చివర్లో సర్దుబాటు చేసిన హాజరును కాక, ఏ రోజుకు ఆ రోజు తరగతి గదిలో వేసిన హాజరునే తీసుకోవాలి.

గుర్తించడంలో పొరపాటు రెండు విధాలుగా జరుగుతుంది. ఊహకు 120 మంది ఉన్న సెక్షన్‌లో చివరికి 40 మంది తప్పుతారనుకుందాం. మీరు 50 మంది పేర్లు రాశారు, వారిలో 30 మంది నిజంగానే తప్పేవారు. అప్పుడు అవసరం లేని 20 మందిని పిలిచినట్టు, అవసరమున్న 10 మందిని వదిలేసినట్టు. ఏ పొరపాటు ఖరీదైనది అన్నది ఆ జాబితాతో మీరేం చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు తరగతితో పాటు అదనంగా ఒక గంట సాయం చేసేటట్టయితే, అవసరం లేనివారిని పిలిచినందువల్ల పెద్ద నష్టం లేదు, కనుక జాబితా పొడవుగానే ఉండవచ్చు. అసలు తరగతి మాన్పించి వేరే గదిలో కూర్చోబెట్టేటట్టయితే ఆ 20 మందికీ అన్యాయం జరుగుతుంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయపు కమ్యూనిటీ కళాశాలల్లో రెమెడియల్ ఆల్జీబ్రా అవసరమని పరీక్ష తేల్చిన విద్యార్థులను చీటీ వేసినట్టు విభజించి, కొందరికి ఆ ఆల్జీబ్రానే చెప్పి, కొందరిని నేరుగా డిగ్రీ స్థాయి స్టాటిస్టిక్స్‌లో కూర్చోబెట్టి వారం వారం వర్క్‌షాప్ పెట్టారు. 2016లో వెలువడిన ఫలితం ప్రకారం ఆల్జీబ్రాలో పాసైనవారు 39 శాతం, అంతకంటే పై స్థాయిదైన స్టాటిస్టిక్స్‌లో పాసైనవారు 56 శాతం. బలహీనుడని తేల్చినవారిని వెనక్కి పంపడం కంటే, ముందు వరుసలోనే ఉంచి పక్కన నిలబడడం మేలని నేను నమ్ముతున్నాను.

ఇంటి పరిస్థితుల గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. కులం, తండ్రి వృత్తి, తల్లి ఎక్కడున్నారు అన్నవాటిని జాబితా తయారీలో వాడవద్దు. వాటికి సూచించే శక్తి ఉండవచ్చు. అయినా పిల్లవాడు ఏమీ చేయకముందే, వాడు పుట్టిన ఇంటిని చూసి వాడు తప్పుతాడని రాయడానికి మనకు హక్కు లేదు. పిలిచాక, ఏ సాయం కావాలో తెలుసుకోవడానికి మాత్రం అవి తప్పకుండా అడగండి.

జవాబు: విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు, నరసాపురం

పై జవాబు ఎంతో వివరంగా ఉంది. నేను భాష గురించి మాత్రమే కలుపుతాను, ఎందుకంటే గణితం మాస్టారి ప్రశ్నలో అది సగం కనిపించి సగం మరుగున ఉంది.

2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మాధ్యమంలోకి మారింది. తెలుగులో ఆలోచించడం నేర్చిన విద్యార్థి మొదటి సెమిస్టరులోనే పాఠాన్నీ, పాఠం చెప్పే భాషనూ ఒకేసారి నేర్చుకోవలసి వస్తోంది. ఒక బీకాం విద్యార్థి నోటుపుస్తకం నాకు బాగా గుర్తుంది. అందులో డిమాండ్ సూత్రం మొత్తం ఇంగ్లిషు వాక్యమే, కానీ తెలుగు అక్షరాలలో రాసుకున్నాడు. పక్కన మార్జిన్‌లో, రొయ్య ధర పెరిగితే ఇంట్లో కొనడం ఎలా తగ్గిందో తన మాటల్లో రెండు పంక్తులు రాసుకున్నాడు. ఆ రెండు పంక్తులు చదివిన ఏ ఎకనామిక్స్ అధ్యాపకుడైనా పూర్తి మార్కులు వేస్తాడు. పరీక్షలో అతడు రాసింది ఇంగ్లిషులో విరిగిపోయిన నాలుగు మాటలు. అతణ్ణి సబ్జెక్టులో బలహీనుడని జాబితాలో రాస్తే, మీరు పెట్టే అదనపు ఎకనామిక్స్ తరగతి అతనికి ఏ మేలూ చేయదు.

కాబట్టి స్క్రీనింగ్ పరీక్ష పెట్టేటప్పుడు నాలుగైదు ప్రశ్నలను రెండు భాషల్లోనూ ఇవ్వండి, ఏ భాషలోనైనా జవాబు రాయనివ్వండి. కొన్ని ప్రశ్నలు తెలుగులో చదివితే చేసి, అదే రకమైనవి ఇంగ్లిషులో చదివితే వదిలేస్తున్నాడంటే లోటు భాషలో ఉంది. రెండింటిలోనూ వదిలేస్తే విషయంలో ఉంది. ఈ రెండు గుంపులకూ చేయవలసిన సాయం పూర్తిగా వేరు. మీ దగ్గర ఉన్న కొద్దిపాటి సాయంత్రపు సమయాన్ని వృథా కాకుండా వాడుకోవడానికి, ఎవరు తప్పుతారన్న అంచనాకంటే ఎందుకు తప్పుతారన్న అంచనా ఎక్కువ అవసరమని నా అనుభవం చెబుతోంది.

హాజరు విషయంలో ఒక్క మాట. రోజూ వచ్చి, మొదటి వరుసలో కూర్చుని, తల ఊపుతూ, ఏమీ అర్థం కాకుండానే సెమిస్టరు పూర్తిచేసే పిల్లలు నాకు ఏటా కనిపించారు. వారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. ప్రశ్న అడిగితే అందరూ నవ్వుతారేమోనన్న భయం వారిది. హాజరు పట్టీ వారిని ఎప్పటికీ పట్టుకోలేదు. చిన్న చిన్న రాతపని ఇచ్చి, తెచ్చినదాన్ని చదివితేనే వారు కనిపిస్తారు.

జవాబు: పూర్వ విద్యార్థి, పి.గన్నవరం ప్రాంతం

నేను అధ్యాపకుణ్ణి కాను. లంకలో పుట్టి, డిగ్రీ మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు పోగొట్టుకుని, తర్వాత పూర్తిచేసి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. మాస్టారు ఇలా అడగడమే నాకు సంతోషం కలిగించింది, అందుకే రాస్తున్నాను.

డిగ్రీ తరగతులు మొదలయ్యే కాలమే గోదావరికి వరద వచ్చే కాలం. జూలై, ఆగస్టు నెలల్లో చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీదికి నీరు వస్తే ఆ వైపు వారికి పడవే దిక్కు. చుట్టుపక్కల లంకల పరిస్థితీ ఇంచుమించు అంతే. నీరు తీసేదాకా ఇంట్లో సామాను అటకెక్కించడం, పశువులను గట్టు మీదికి తోలడం, అరటి, కూరగాయ తోటల్లో మిగిలినదాన్ని దక్కించుకోవడం ఇంటిల్లిపాది పని. కాకినాడ మేడం గారు చెప్పిన మొదటి నాలుగు వారాల హాజరు తీసుకుంటే, మా ఊళ్ల పిల్లలందరూ ఒకే గీతతో జాబితాలోకి వచ్చేస్తారు. అందులో చదువు మీద ఆసక్తి పోయినవాడూ, పడవ దొరక్క ఆగిపోయినవాడూ ఒకేలా కనిపిస్తారు. దయచేసి గైర్హాజరు పక్కన కారణం రాసే గడి ఒకటి పెట్టండి. నీరు తీసిన తర్వాతి సోమవారం ఎవరు తిరిగి వచ్చారన్నది చూడండి. నా దృష్టిలో అసలు సూచన అది. వరద తర్వాత కూడా రానివాడి ఇంటికి ఫోన్ చేయవలసింది ఆ వారంలోనే, సెమిస్టరు చివర కాదు.

నేను ఆ రెండు పేపర్లూ పోగొట్టుకోవడానికి కారణం పాఠం రాకపోవడం కాదు. సాయంత్రం ఆఖరి పల్లెవెలుగు బస్సు తప్పితే ఇల్లు చేరే దారి లేదు కాబట్టి చివరి గంట తరగతి వదిలేసి వచ్చేసేవాణ్ణి. ఆ రెండు పేపర్లూ చివరి గంటల్లోవే. అదనపు తరగతులు సాయంత్రం పెడితే, ఎవరికి అవి ఎక్కువ అవసరమో వారే రాలేరు. మధ్యాహ్నం భోజనం తర్వాతి గంటలో పెట్టగలరేమో ఆలోచించండి.

జాబితా గురించి కూడా చెప్పాలి. మా రోజుల్లో వెనుకబడినవారి పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. నా పక్క ఊరి స్నేహితుడు ఆ కాగితం మీద తన పేరు చూసుకున్న తర్వాత కళాశాలకు రావడం తగ్గించేశాడు, సంక్రాంతికి పూర్తిగా మానేశాడు. పిలవవలసినవారిని ఒక్కొక్కరిగా విడిగా పిలిచి, నీకు ఈ పాఠంలో ఈ చోట సాయం కావాలి, రా అని చెప్పండి. మా అధ్యాపకుల్లో ఒకరు నన్ను అలాగే పిలిచారు, నేను వెళ్లాను.

జవాబు: జూనియర్ కళాశాల అధ్యాపకురాలు, తణుకు

మార్కుల మెమోలు చూసేవారికి ఒక చిన్న సూచన. 2020, 2021లలో మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి, 2021లో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు కూడా రద్దయ్యాయి. పాత బ్యాచుల లెక్కలతో పోల్చి చూసేటప్పుడు ఆ సంవత్సరాల మార్కులను మిగతావాటితో కలపకండి. ఇంకొకటి, సప్లిమెంటరీలో పాసైన ప్రతివారినీ బలహీనుల కింద రాయకండి. ఒకే ఒక్క పేపరు పోయి నెలలో గట్టెక్కినవారికీ, రెండేళ్లలో నాలుగు పేపర్లు సప్లిమెంటరీ రాసినవారికీ పోలిక లేదు. మొత్తం మార్కు కంటే, మీ సబ్జెక్టుకు అవసరమైన పేపర్లలో మార్కులు విడిగా చూస్తే ఎక్కువ తెలుస్తుంది.

ప్రశ్నకర్త

అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా పి.గన్నవరం నుంచి రాసిన మిత్రుడికి. అదనపు తరగతిని మధ్యాహ్నానికి మార్చడం గురించి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను, పేర్లు గోడకెక్కవని నా తరఫున హామీ ఇస్తున్నాను. కాకినాడ మేడం గారిని ఇంకో రెండు విషయాలు అడగాలి. మా దగ్గర పాత మూడు బ్యాచుల వివరాలు రిజిస్టర్లలో ఉన్నాయి, కంప్యూటర్‌లో లేవు. అంత తక్కువమందితో ఏదైనా లెక్క నిలబడుతుందా? ఆ అంశాలన్నిటినీ కలిపి ఒక స్కోరుగా ఎలా మార్చాలి?

జవాబు: విద్యా గణాంకాల పరిశోధకురాలు, కాకినాడ

మాస్టారూ, మూడు బ్యాచులతో పెద్ద సాఫ్ట్‌వేర్ నమూనాల జోలికి వెళ్లకపోవడమే మంచిది. తక్కువమంది వివరాల మీద ఎక్కువ అంశాలు రుద్దితే, ఆ మూడు బ్యాచులకు అచ్చంగా సరిపోయి నాలుగో బ్యాచుకు ఏమాత్రం పనికిరాని లెక్క తయారవుతుంది. ఒక పెద్ద కాగితం మీద పట్టిక గీయండి. మొదట ఏది సాధించడాన్ని విజయం అంటారో నిర్ణయించుకోండి. మొదటి సెమిస్టరులో అన్ని పేపర్లూ పాసవడమా, రెండో సెమిస్టరుకు ఫీజు కట్టి తిరిగి రావడమా? ఈ రెండూ ఒకటి కావు. ఒక పేపరు పోయినా తిరిగి వచ్చినవాడు డిగ్రీ పూర్తిచేస్తాడు. అన్నీ పాసైనా పెళ్లి కుదిరి ఆగిపోయిన అమ్మాయి చేయలేదు. రెండింటినీ వేర్వేరు గళ్లలో రాయండి.

తర్వాత పాత రెండు బ్యాచులను మాత్రమే తీసుకుని, సంబంధిత పేపర్లలో ఇంటర్ మార్కు, మొదటి నెల హాజరు, మొదటి ఇంటర్నల్, ఒక్కొక్కదానికి ఒక హద్దు పెట్టి, ఆ హద్దు కింద ఉన్నవారిలో ఎంతమంది తప్పారో లెక్కించండి. రెండు హద్దుల కింద ఉన్నవారిని జాబితాలో పెట్టాలన్న నియమం తీసుకుంటే, ఆ నియమాన్ని మూడో బ్యాచు మీద, ఫలితం చూడకుండా, ప్రయోగించండి. ఆ తర్వాతే రిజిస్టరు తెరిచి ఎంతమందిని సరిగ్గా పట్టారో, ఎంతమందిని వదిలేశారో చూడండి. చూసిన వివరాల మీదే నియమం కట్టి, అదే వివరాల మీద అది బాగుందని చెప్పుకోవడం ఈ రంగంలో చాలా తరచుగా జరిగే పొరపాటు. స్క్రీనింగ్ పరీక్షకూ, చిన్న రాతపనులకూ పాత వివరాలు ఉండవు కనుక వాటిని ఈ ఏడాది రాసి పెట్టుకోండి, వచ్చే ఏడాది పట్టికలో కలపవచ్చు. నరసాపురం మాస్టారు చెప్పిన రెండు భాషల ప్రశ్నలను తప్పకుండా చేర్చండి. మిత్రుడు చెప్పిన వరద గడి గురించి నేను ఆలోచించలేదు, నా విద్యార్థులకు కూడా చెబుతాను. తణుకు మేడం గారి సూచన ప్రకారం ఆ రెండు సంవత్సరాల మార్కులను పక్కన పెట్టండి.

వచ్చే ఏడాది మిమ్మల్ని కలవరపెట్టే విషయం ఒకటి ఇప్పుడే చెబుతాను. మీరు పిలిచి సాయం చేసినవారిలో చాలామంది పాసవుతారు. అప్పుడు కాగితం మీద చూస్తే మీ అంచనా తప్పినట్టు కనిపిస్తుంది, తప్పుతారన్నవారు తప్పలేదు కదా అని ఎవరైనా అడుగుతారు. అంచనా ఎంత బాగుందో, సాయం ఎంత పనిచేసిందో విడదీయడానికి సులువైన మార్గం, హద్దుకు కాస్త పైనా కాస్త కిందా ఉన్నవారిని పోల్చడం. ఇంచుమించు ఒకే స్థితిలో ఉండి, ఒకరిని పిలిచి మరొకరిని పిలవలేకపోయినచోట వారి ఫలితాల్లో తేడా వస్తే, అది మీ తరగతుల వల్ల వచ్చినదని కొంత నమ్మకంగా చెప్పవచ్చు. మీ కళాశాలలో అలాంటివారు కొద్దిమందే ఉంటారు కనుక రెండు మూడేళ్లు కలిపి చూడవలసి ఉంటుంది.

బస్సు గురించి మిత్రుడు రాసినది చిన్న విషయంగా తీసుకోవద్దు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ఏఎస్‌ఏపీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో చేరిన విద్యార్థికి ఒక సలహాదారును కేటాయించి, పాఠ్యపుస్తకాలకు సాయం చేసి, ట్యూషన్ పెట్టి, వాటితో పాటు నగర రవాణా పాసు కూడా ఉచితంగా ఇచ్చారు. రెమెడియల్ అవసరమున్న విద్యార్థులను చీటీ పద్ధతిలో విభజించి ఎండీఆర్‌సీ అనే సంస్థ చేసిన అధ్యయనంలో, మూడేళ్లలో పట్టా పొందినవారు ఈ కార్యక్రమంలో 40 శాతం, బయట ఉన్నవారిలో 22 శాతం. అక్కడ ఏ ఒక్క సాయం ఎంత పనిచేసిందో విడదీయలేము, అన్నీ కలిపి ఇచ్చారు కనుక. కానీ రావడానికి దారి ఉండటం చదువులో భాగమేనని వారు గుర్తించారు. మీ జాబితాలో ప్రతి పేరు పక్కన ఊరు, ఎక్కే బస్సు, అది బయలుదేరే వేళ రాయండి. స్కోరులో కలపడానికి కాదు, అదనపు తరగతిని ఏ గంటలో పెట్టాలో నిర్ణయించడానికి. పట్టిక గీశాక దాని నకలు ఇక్కడ పెడితే, విద్యార్థుల పేర్లు తీసేసి, హద్దులు ఎక్కడ పెట్టాలో కలిసి చూద్దాం.